ఏడో తరగతి పిల్లకు వీణ

మే నెలలో ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్ళే బండ్లలో చాలావాటికి మామిడికాయలే పని. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు. ఎవరి బేరం వాళ్ళది. ఏడాది పొడుగునా ఇంకో రకం బేరగాళ్ళు కూడా ఆ ఊరికి వస్తుంటారు. వాళ్ళకు కావలసింది పనస. పండు కాదు, మాను. నూజివీడు వీణ ఆ మానులోంచి పుట్టేదే. తరతరాలుగా వీణ చేసే పని ఒక ముస్లిం కుటుంబం చేతుల్లో ఉంది. సరస్వతీదేవి ఒళ్ళో ఉండే వాద్యాన్ని వాళ్ళు చెక్కుతున్నారంటే బయటివాళ్ళు ఆశ్చర్యపోతారేమో గానీ, కోస్తాకు ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడ గుడి ముందు సన్నాయి పలికించే ఇళ్ళలోనూ ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) ఆ నాదస్వరంతోనే శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు.

శోభనాచల నరసింహస్వామి కొండ నీడన ఉన్న ఆగిరిపల్లిలో గానీ, చుట్టుపక్కల పల్లెల్లో గానీ సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళకు ఈ పొరుగు పెద్ద అదృష్టం. ఆ అదృష్టం వీణ కొన్నరోజున తెలియదు, తరవాతి ఏళ్ళలో తెలుస్తుంది. దాని సంగతికి వస్తాను. ముందు అసలు ప్రశ్న: ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లకు పాటల టీచరు వీణ కొనమంటే ఏం చూసి కొనాలి?

అమ్మానాన్నల కళ్ళు ముందుగా వీణ చివర చెక్కిన యాళి ముఖం మీద, నగిషీ మీద పడతాయి. ఆ తరవాత, “ఏకాండియేనండీ?” అని అడుగుతారు. కుండ, దండి, మెడ అన్నీ ఒకే మొద్దులో తొలిచి తీస్తే అది ఏకాండి వీణ. అతుకు ఉండదు కనక నాదం ఎక్కడా ఆగకుండా పారుతుందని విద్వాంసుల నమ్మకం. అంత పొడవున పగులు లేని పనసమాను దొరకడం కష్టం, కాబట్టి ధరా ఎక్కువే. కచేరీలు చేసేవాళ్ళకు అది సరే. సరళీ వరసల దగ్గరున్న పిల్లకు అతుకుల వీణ చాలునని నా ఉద్దేశం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే చిన్న చిన్న వీణల్ని చూసి ముచ్చటపడి, పిల్లల వీణలనుకునేవాళ్ళూ ఉన్నారు. అవి సన్మానాల్లో చేతికిచ్చేవి. వాయించేవి కావు.

డబ్బు, శ్రద్ధ పెట్టవలసింది మేళం మీద. మేళం కట్టడమంటే మెట్లు అమర్చడం. వీణకు 24 మెట్లు. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో ఈ అమరిక స్థిరపడిందని చెబుతారు. లోహపు మెట్టును కర్రకు మేకు కొట్టి బిగించరు. తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి లాంటివి కలిపి కాచి, దండి పొడుగునా రెండు నల్లటి గట్లు కట్టి, అవి మెత్తగా ఉండగా మెట్లను వాటి మీద నిలబెడతారు. తీగ మీటుతూ, వింటూ, ఒక్కో మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ స్వరస్థానం పట్టుకోవాలి. ఎత్తు కూడా అప్పుడే చూసుకోవాలి. ఒక మెట్టు పక్కదానికంటే కాస్త లేచి ఉన్నా తీగ దానికి తగిలి జీరగా పలుకుతుంది. కర్ర చెక్కడం వచ్చినంత మాత్రాన మేళం కట్టడం రాదు. అది చెవి పని.

పిల్లల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, అనుభవం ఉన్నవాళ్ళు తప్పిన మెట్టును పసిగట్టి తీగను కాస్త లాగి సర్దుకుంటారు. పిల్ల సర్దుకోదు. ఆ వీణ పలికిందే గాంధారమనుకుని అదే చెవిలో నిలుపుకుంటుంది. తరవాత దాన్ని మాన్పించడం గురువు ప్రాణానికి వస్తుంది.

సంగీతం రాని తండ్రి కూడా చేయగల పరీక్ష ఒకటుంది. వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. వాటిని స, ప, స, ప అని శ్రుతి చేయించండి. పంచమం తీగను అయిదో మెట్టు మీద నొక్కి మీటితే, ఖాళీగా మీటిన సారణితో కలవాలి. మంద్రం తీగ ఏడో మెట్టు మీద ఖాళీ పంచమం పలకాలి. అనుమంద్రం అయిదో మెట్టు మీద ఖాళీ మంద్రం పలకాలి. సారణి పన్నెండో మెట్టు మీద పై షడ్జం వినిపించాలి. రెండు స్వరాలు కలిస్తే ఒక్కటిగా నిలుస్తాయి. కలవకపోతే శబ్దం అలలా ఊగుతుంది. ఆ ఊగు ఎవరి చెవికైనా తెలుస్తుంది.

ఇక పిల్లను కూర్చోబెట్టండి. వీణ నాలుగడుగుల వాద్యం. బాసింపట్టు వేసుకున్నాక కుండ కుడిపక్క నేలమీద ఆనుతుంది, మెడ దగ్గరి బుర్ర ఎడమ తొడమీదికి వస్తుంది. ఎడమచెయ్యి భుజం లేవకుండా, నడుం ఒరగకుండా మొదటి మెట్టు దాకా పోవాలి. కుడిచేతి చిటికెనవేలు పక్కనున్న మూడు తాళపు తీగల్ని అందుకోవాలి. అందకపోతే కాస్త చిన్న కొలతతో చేయించుకోవచ్చు, లేదా ఏడాది ఆగి ఈలోగా గాత్రం నేర్పించవచ్చు. వీణ చిట్టిబాబు అయిదేళ్ళకే వీణ పట్టారు కదా అంటారు కొందరు. నిజమే. అందరు పిల్లలూ చిట్టిబాబులు కారు.

తీగకూ మెట్టుకూ మధ్య ఎడం కూడా చూడాలి. మెట్టుమీద తీగను పక్కకు లాగి పై స్వరాలు పలికించడంలోనే గమకమంతా ఉంది. ఈమని శంకరశాస్త్రి (1922–1987) వీణ గొంతెత్తి పాడినట్టు ఉండేదంటే ఆ లాగుడు మహిమే. ఎడం ఎక్కువైతే పిల్ల వేళ్ళు కోసుకుపోయి నెలలో మానేస్తుంది. బాగా తగ్గిస్తే తీగ గరగరమంటుంది. మొదట్లో వేళ్ళు కాయలు కాయడం ఎలాగూ తప్పదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ పిల్లలకు ఇదే వయసులో ఇంకో రకం పరీక్ష ఎదురవుతుంది. అక్కడ మిడిల్ స్కూల్ బ్యాండులో చేరే పిల్ల వాద్యం ఎంచుకోవాలి. ఫ్రెంచ్ హార్న్ కావాలంటే బ్యాండు మాస్టారు ముందు పెదవుల పొందిక, ఆపైన చెవి చూస్తారు. ఆ బూరాలో స్వరాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి. మీట ఒకటే నొక్కినా పెదవి తేడాతో పక్క స్వరం పలికేస్తుంది. అందుకే కొందరు పిల్లల్ని ముందు ట్రంపెట్‌లో పెట్టి, చెవి బాగున్నవాళ్ళను తరవాత హార్న్‌కు మారుస్తారు. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది వేరే సంగతి. ఖరీదైన హార్న్‌లను చాలా బడులే కొని పిల్లలకిస్తాయి, లేదా కొట్టువాళ్ళు నెలవారీ అద్దెకిస్తారు. పిల్ల మానేస్తే వాద్యం వెనక్కి పోతుంది. మన దగ్గర మానేసిన పిల్ల వీణ గుడ్డ కప్పుకుని అటకెక్కుతుంది. సంగీత కళాశాలలు, దేవస్థానాలు పది వీణలు కొని అద్దెకిస్తే ఎంత మేలు!

అటకమీది వీణే ఎవరైనా అమ్మితే కాదనకండి. మంచి పనస పాతబడ్డకొద్దీ నాదం విచ్చుకుంటుందని వాయించేవాళ్ళు అంటారు. దండి చివరినుంచి ఒక కన్ను మూసి చూడండి, వంగి ఉంటే వద్దు. కుండకు పగులుంటే వద్దు. తీగలు బిగించే బిరడాలు జారితే సరిచేయించవచ్చు.

పాత వీణైనా కొత్త వీణైనా మైనం మైనమే. కృష్ణా తీరపు వేసవిలో అది మెత్తబడి మెట్లు చోటు తప్పుతాయి. కారులో ఎండకు వదిలేసిన వీణ సంగతి చెప్పనే అక్కరలేదు. క్రమం తప్పకుండా వాయించే వీణకు ఏడాదికో రెండేళ్ళకో మేళం మళ్ళీ కట్టించాలి. దూరదేశాల వాళ్ళు మైనం వదిలేసి మరలతో బిగించిన మెట్లకు, ఫైబరు బుర్రలకు మారుతున్నది ఇందుకే. ఆగిరిపల్లి పిల్లకు ఆ అవసరం లేదు. ఎండలు తగ్గాక వీణను ఆటోలో పెట్టుకుని నూజివీడు తీసుకెళ్తే చాలు, మేళం కట్టే చెయ్యి అక్కడే ఉంది.