సీసా మీది చిత్రం
దుకాణంలో రుచి చూడలేని వైన్‌ను కొనేవారు కంటికి కనిపించేదాన్నే నమ్ముకోవలసి వస్తుంది కనుక, లేబుల్ రూపకర్త పనితనం ఆ వర్తకంలో తక్కువది కాదు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు షాటో మూటన్ రోత్‌షీల్డ్ (షాటో అంటే ద్రాక్షతోటతో కూడిన ఎస్టేటు), వైన్‌ను పీపాల్లో వర్తకులకు పంపడం మాని స్వయంగా సీసాల్లో నింపాలని నిశ్చయించుకున్న 1924లో, పోస్టర్ల చిత్రకారుడు జాన్ కార్లూ చేత లేబుల్ గీయించింది. 1945 నుంచి దాదాపు ఏటా ఒక్కొక్క కళాకారుడిని ఎంచుకుని, పారితోషికాన్ని, ముచ్చటగా, వైన్ రూపంలోనే చెల్లిస్తూ వచ్చింది. 1993 నాటి బాల్తుస్ చిత్రంపై అమెరికాలో అభ్యంతరాలు లేవగా, అక్కడికి బొమ్మ స్థానం ఖాళీగా వదిలిన సీసాలు వెళ్లాయి. లోపలి వైన్ ఒకటే అయినా సేకర్తలు రెండు లేబుళ్లనూ కోరుకున్నారు. అటువంటి కాగితాన్ని ఉత్త అలంకారమనడం అన్యాయం.