రెండోసారి చూసే మనిషి

ఎమర్జెన్సీలో నర్సులు తక్కువైతే వైద్యం ఆలస్యమవుతుందని అందరూ అనుకుంటారు. భద్రాచలం అడవి అంచున ఈ ఆస్పత్రిలో నర్సుగా నేను చూసింది వేరు. ఎంతమంది వచ్చిపడ్డా పరుగులు పెట్టి మొదటి ఇంజెక్షన్ ఇచ్చేస్తాం, సెలైన్ ఎక్కించేస్తాం. దెబ్బతినేది రెండోసారి వెళ్లి చూడడం.

వానాకాలం పాముకాటు కేసునే తీసుకోండి. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టి ఉండాలి. నీళ్లలా జారిందంటే రక్తపింజర లాంటి పాము విషం పనిచేస్తున్నట్టే. దీనికి యంత్రం అక్కర్లేదు, 20 నిమిషాలకు గుర్తుపెట్టుకుని తిరిగొచ్చే మనిషి కావాలి. కట్లపామైతే కాటు దగ్గర వాపూ నొప్పీ పెద్దగా ఉండవు. రెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని మళ్లీ మళ్లీ చూడాలి. విరుగుడు మందు ఎక్కుతున్నంతసేపూ దద్దుర్లు, ఆయాసం, బీపీ గమనిస్తూ అడ్రినలిన్ దగ్గర పెట్టుకోవాలి. అదే సమయంలో పక్క మంచం మీద ఫిట్స్‌తో మలేరియా పిల్లాడు ఉంటాడు, గుమ్మంలో 108 అంబులెన్స్ ఆగుతుంది.

అందుకే నేను గొట్టానికి ప్లాస్టర్ అంటించి, రక్తం తీసిన టైము బదులు చూడాల్సిన టైము రాస్తాను. విషమంగా ఉన్నవాళ్లను నా టేబుల్ నుంచి కనిపించే మంచాలకు మార్పిస్తాను. డ్యూటీ అప్పగింత రిజిస్టర్ ముందు కాకుండా మంచం దగ్గరే చేస్తాను. వెంట వచ్చినవాళ్లకు తెలుగు రాకపోతే, ఆశా కార్యకర్త చేత కోయలో చెప్పించి కాపలా పెడతాను.

ఒక రాత్రి కట్లపాము కరిచిన కుర్రాడి తల్లిని అలాగే కూర్చోబెట్టాను. "కళ్లు వాలితే నిద్రలే అనుకోకమ్మా, కేకెయ్యి" అన్నాను. కాసేపటికే "సిస్టరమ్మా!" అంది. వెళ్తే నిజంగా నిద్రే. "మంచి పని చేశావు, మళ్లీ అనుమానమొస్తే మళ్లీ పిలువు" అని చెప్పి వచ్చాను. రెండోసారి పిలిచినప్పుడు కుర్రాడు తల ఎత్తలేకపోతున్నాడు. మొదటి పిలుపుకు విసుక్కుని ఉంటే ఆమె రెండోసారి పిలిచేదా?

కానీ ఇవన్నీ ఖాళీ పోస్టులు నింపడానికి బదులు కావు. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రుల మీద లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో నర్సు మీద అదనంగా ఒక్క రోగి పెరిగితే ఆపరేషనైనవాళ్లు 30 రోజుల్లో చనిపోయే ప్రమాదం సుమారు 7 శాతం ఎక్కువని తేలింది. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి ఎమర్జెన్సీలో ఒక నర్సుకు నలుగురికి మించి రోగులు ఉండకూడదని అమలు చేసింది.

ఒక్కోసారి తక్కువమందితో నడపక తప్పదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటప్పుడు ఉన్నవాళ్లే నెట్టుకు రావాలి, అది మన ధర్మం. వరద లేని రోజుల్లోనూ వరదనాటి సిబ్బందితోనే నడిపించడం మాత్రం అన్యాయం.

భద్రాచలానికి చర్ల, దుమ్ముగూడెం నుంచే కాదు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు వైపు నుంచీ, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా నుంచీ రోగులొస్తారు. సరిహద్దు దాటి వచ్చేవాళ్లు మన జిల్లా జనాభా లెక్కలో ఉండరు. మంచాల లెక్కలోనూ ఎమర్జెన్సీ గుమ్మం రద్దీ కనబడదు. అధికారులు గుమ్మం దాటి వచ్చినవాళ్లను లెక్కపెట్టి, రాత్రి డ్యూటీకి ముందుగా పోస్టులు ఇవ్వాలి. కొత్తగా చేరిన చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే: "సార్, ఇంతమందిని ఒక్కదాన్ని చూడలేను" అని అప్పటికప్పుడే చెప్పండి, టైము వేసి రిపోర్టు బుక్కులో రాయండి. అది చేతకానితనం కాదు, రోగి తరఫున మనం చేయాల్సిన పని.