గొంతు చూసే రాత్రి

దసరా వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో, రాత్రి భోజనాలయ్యాక మా ఊరి రామాలయం అరుగు మీద పెట్రోమాక్స్ లైటు వెలిగేది. అరుగు మధ్యలో కాలి హార్మోనియం, దాని వెనక పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చిన మాస్టారు. చుట్టూ పాతిక ముప్ఫై మంది ఉండేవారు: రైతులు, వడ్రంగి, బడి పంతులుగారు, కిళ్లీ కొట్టు బాబాయి, ఇంకా మీసాలు రాని కుర్రాళ్లు. సంక్రాంతికి ఆడబోయే నాటకానికి వేషాలు పంచేది ఆ రాత్రే. పట్నాల్లో దీన్ని ఆడిషన్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా ఊళ్లో ‘గొంతు చూడటం’ అనేవారు. ఎవరి గొంతు ఎంత శ్రుతికి అందుకుందన్నదే మర్నాడు పొలం గట్ల మీద కబురు.

ఆ అరుగు మీద జరిగే పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మన పౌరాణిక పద్యనాటకాన్ని తరాల తరబడి ఊరూరా నిలబెట్టిన విద్య అది. వచ్చిన వాళ్లలో నలుగురిని ఏరుకుని మిగతా వాళ్లను ఇంటికి పంపడం దాని పని కాదు. వచ్చిన ప్రతి మనిషికీ నాటకంలో చోటు వెతకడం దాని పని. ఆ వెతుకులాటలో మాస్టారు తీపి గొంతు కన్నా ముందు చూసేది వినే చెవిని.

ఈ విద్య ఒక్కరోజులో పల్లెకు రాలేదు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఆడిన కీచకవధతో ఒక కుటుంబం నాటకాన్నే బతుకుతెరువు చేసుకుంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకానికి సంగీతాన్ని గట్టిగా ముడివేశారు. చిలకమర్తి గయోపాఖ్యానం, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి సత్య హరిశ్చంద్ర అచ్చయి ఊళ్లకు చేరాక పల్లెటూళ్లు తమ నాటకం తామే ఆడుకోవడం మొదలుపెట్టాయి. ఏడాదంతా నాగలి పట్టిన చేయి పండక్కి గద పట్టింది.

మొదటి పరీక్ష శ్రుతి. మాస్టారు ముందే పద్యం అడగరు. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుని, “ఇందులో నిలబడవయ్యా” అంటారు. వచ్చినవాడు ‘ఆ’ అని ఆ స్వరం మీద గొంతు నిలపాలి. ఒకటిన్నర శ్రుతి దగ్గర మొదలై రెండు, మూడు, నాలుగు అంటూ పైకి పోతారు. గొంతు ఎక్కడ చీలుతుందో అక్కడ ఆగి, అర మెట్టు దిగి మళ్లీ చూస్తారు. కచేరీ చేసే మగ గాయకులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతుల్లో పాడుకుంటారు. స్టేజీ మీద పేరు తెచ్చుకున్న పద్యనటులు చాలామంది నాలుగుకు తగ్గలేదు. మైకు లేని రోజుల్లో చివర చాప వేసుకుని కూర్చున్న ముసలమ్మకు కూడా పద్యం వినపడాలి మరి. గొంతు చించుకుంటే ఆ దూరం అందదు. పై శ్రుతిలో నిలకడగా పలికితే అందుతుంది.

మా మాస్టారికి ఇంకో అలవాటుండేది. పాడేవాడు స్వరంలో నిలబడ్డాడనుకోగానే మెట్టు మీద నుంచి వేలు తీసేసేవారు. హార్మోనియం ఆగిపోతుంది, గొంతు ఒంటరిగా మిగులుతుంది. కాసేపాగి మళ్లీ నొక్కేవారు. అప్పటికీ గొంతూ పెట్టే ఒకటిగా పలికితే తల ఊపేవారు. ఆసరా ఉన్నప్పుడు అందరూ శ్రుతిలోనే ఉంటారు. అది తీసేశాక కూడా ఎవడి లోపల మోగుతూ ఉంటుందో వాడే తెల్లవారుజాము సీనును మోయగలడని ఆయన నమ్మకం.

రెండో పరీక్ష పద్యం. రాగం బాగా తీసే కుర్రాడు ఇక్కడే దొరికిపోతాడు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. పాదం ముగిసిన చోట మాట కూడా ముగియాలన్న నియమం మన ఛందస్సులో లేదు. మొదటి పాదం చివర పుట్టిన మాట రెండో పాదంలోకి దూకి అక్కడ పూర్తవుతుంది. కొత్తవాడు పాదం చివర ఊపిరి తీసుకుంటాడు. మాట నడిమికి విరిగి అర్థం నేలపాలవుతుంది. అందుకని మాస్టారు రాగం ఆపించి, “వచనంలా చెప్పు. ఎవరితో అంటున్నావ్? ఎందుకంటున్నావ్?” అని అడిగేవారు. జవాబు వచ్చాక పెన్సిలుతో పుస్తకంలో విరుపులు గుర్తు పెట్టేవారు. ఊపిరి ఇక్కడ, ఒత్తు ఇక్కడ, మాట సాగదీయాల్సింది ఇక్కడ. సీసపద్యమైతే ఆ గుర్తులే ప్రాణం. నాలుగు పొడుగాటి పాదాలు, కింద తేటగీతో ఆటవెలదో ఎత్తుగీతి. ఊపిరి పొదుపు చేసుకోనివాడు గీతి దగ్గరకు వచ్చేసరికి ఖాళీ అయిపోతాడు.

ఆ తర్వాతే రాగం. శృంగారానికి, చమత్కారానికి మోహన, ధీరత్వానికి కాంభోజి, కాటిసీనులో గుండె కరగడానికి సింధుభైరవి. ఒక్కో మాస్టారిది ఒక్కో బాణీ. ఎంత రాగం తీయాలన్న తగాదా మాత్రం పెద్ద నటుల దగ్గరా ఉన్నదే. షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుణ్ణి రాగమాధుర్యం కోసం విన్నారు. పీసపాటి నరసింహమూర్తి రాగాన్ని కుదించి, మాట మాటకూ భావం పలికించి రాయబారాన్ని తనది చేసుకున్నారు. మా అరుగు మీద ఈ రెండు పక్షాలూ ఉండేవి, తెల్లవార్లూ వాదించుకునేవి. వాదన ఎటు తేలినా మాట చెడకూడదన్న చోట అందరిదీ ఒకే మాట.

మూడో పరీక్ష నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి ఒకడి చేత పద్యం పాడించేవారు. మాస్టారి చూపు మాత్రం రెండోవాడి మీద ఉండేది. రాయబారంలో కృష్ణుడు ఒకదాని వెనక ఒకటి పద్యాలు పాడుతుంటే దుర్యోధనుడు ఏం చెయ్యాలి? చేతులు కట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసేవాడు ఆ వేషానికి పనికిరాడు. ఒక్కో మాటా తగులుతున్నట్టు వినాలి. మీసం మీద చెయ్యి ఎప్పుడు వెయ్యాలో, కర్ణుడి వైపు ఎప్పుడు చూడాలో ఆ వినడమే నేర్పుతుంది. దుర్యోధనుడు వింటేనే జనం వింటారు. గొంతు అంతంతమాత్రమే అయిన మా వడ్రంగికి ఏటా దుర్యోధనుడి వేషం దక్కింది అందుకే.

ఇక పంపకం. తెల్లవార్లూ సాగే నాటకంలో ఒకే వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మన ఆచారం. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, రాయబారం కృష్ణుడు. ఒక గొంతు రాత్రంతా నిలవదు కాబట్టి వచ్చిన ఏర్పాటు ఇది, మరో ఇద్దరికి చోటూ దొరికింది. హాస్యం పలికేవాడికి నక్షత్రకుడు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికి భీముడు, బడికెళ్లే పిల్లాడికి లోహితుడు. గొంతు లేనివాడికి తెర లాగే పనో, తెర పక్కన పుస్తకం పట్టుకుని మాట అందించే పనో. నా గొంతు నాలుగో శ్రుతి దగ్గర చీలింది, అందించే పని నాకొచ్చింది. వేషగాడికి తన పద్యాలే వస్తాయి. పుస్తకం పట్టుకున్న నాకు నాటకమంతా వచ్చింది.

ఈ పంపకంలో అన్యాయం లేదనను. వేషం ఖర్చు ఎక్కువ పెట్టుకోగలిగిన వాడికి కృష్ణుడు దక్కిన ఏళ్లున్నాయి. రాజుల వేషాలు పెద్దిళ్ల గడప దాటని ఊళ్లున్నాయి. కులం పేరుతో అవమానాలు పడ్డ గుర్రం జాషువా శ్మశానవాటిక పద్యాలు హరిశ్చంద్ర కాటిసీనులో చేరి ఆ సీనుకే ఊపిరయ్యాయి. ఆ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన ఎన్నో ఊళ్లలో దళితవాడ కుర్రాడికి కిరీటం అందలేదు. గొంతు చూసే చోట కులం చూసినప్పుడల్లా ఆ నాటకం తన పద్యానికే ద్రోహం చేసింది.

ఆడవేషాలు మొదట్లో మగవాళ్లే కట్టారు. స్థానం నరసింహారావు ఆ దారికి రావడమే ఒక అత్యవసరంలో జరిగింది. హరిశ్చంద్రలో చంద్రమతి పాత్రధారి రాకపోతే ఆ వేషం తాను కట్టారు. తర్వాత సత్యభామగా తెలుగునేలంతా ఆయన్ని చూసింది. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మా రోజులకు పట్నం నుంచి నటీమణులు వచ్చేవారు. నాటకం ముందురోజు దిగి, మా ఊరి కృష్ణుణ్ణి ఒక్కసారి విని, అతని శ్రుతికి తమ గొంతు సర్దుకునేవారు. ఎన్నో ఊళ్ల కృష్ణులతో పాడిన అనుభవం వాళ్లది. మావాడు పద్యం మరిచి నిలబడిపోతే, తమ వచనంలోనే ఆ మొదటి మాట కలిపి అందించి జనానికి తెలియకుండా సీను కాపాడిన తల్లులు వాళ్లు. పల్లె నాటకం వాళ్లకు పడ్డ రుణం మనం సరిగా చెప్పుకోలేదు.

ఇంత శ్రమ ఎందుకు? మా రెండో కృష్ణుడికి చదువు రాదు. పదేళ్ల కొడుకు పుస్తకం చదువుతుంటే, గేదెల పాలు తీస్తూ ఒక్కో పాదం పట్టుకున్నాడు. మూడు నెలల్లో పద్యాలన్నీ కంఠస్థం. అర్థం అడిగితే ప్రతిపదార్థం చెప్పేవాడు, ఎందుకంటే మాస్టారు అర్థం తెలియకుండా ఏ విరుపూ పెట్టనివ్వలేదు. బడి చెయ్యలేని పని అరుగు చేసింది. అక్షరం రాని ఇళ్లలో కూడా శార్దూలం నడక, మత్తేభం నడక చెవికి తెలిసింది. పద్యం పండితుల సొత్తు కాకుండా తెలుగువాళ్లందరి సొత్తయింది ఇలాంటి రాత్రుల వల్లే.

1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలు ఎన్నో పరిషత్తులు పోటీలు పెట్టి నటులకు గౌరవం తెచ్చాయి. నాటకం బతికే ఉంది. పండక్కి పేరున్న నటులను మాట్లాడుకుని ఒక్క రాత్రి ఆడించుకునే ఊళ్లు ఇవాళా ఉన్నాయి. చాలాచోట్ల పోయింది గొంతు చూసే రాత్రి, దాని వెనక మూడు నెలల సాధన. నాటకం చూసే ఊరు మిగిలి, నాటకం కట్టే ఊరు తగ్గిపోయింది.

తిరిగి మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పల్లెలోనైనా, అపార్ట్‌మెంటు సంక్రాంతి సంబరాల్లోనైనా, పరాయి దేశపు తెలుగు సంఘంలోనైనా పండక్కి మూడు నెలల ముందు ఒక సాయంత్రం చాలు. ఒక శ్రుతిపెట్టె, ఒక పుస్తకం, తెలిసిన పెద్ద ఒకరు. రాయబారం సీను ఒక్కటే తీసుకోండి. ముందు శ్రుతిలో నిలబెట్టండి, తర్వాత అర్థం చెప్పించండి, ఆ తర్వాతే రాగం. ఎదుటివాడు పాడుతుంటే వినడం నేర్పండి. ఎవరినీ ఖాళీ చేతులతో పంపకండి.

సంక్రాంతి రాత్రి తెర లేవకముందు, దాని వెనక అందరం నిలబడి ప్రార్థన పాడేవాళ్లం. ముగ్గురు కృష్ణులు, దుర్యోధనుడు, పట్నం నుంచి వచ్చిన ద్రౌపది, తెర తాడు పట్టుకున్న కిళ్లీ కొట్టు బాబాయి, పుస్తకంతో నేను. ఆ ఒక్క పాటకు మాస్టారు నాలుగు శ్రుతి పట్టేవారు కాదు, అందరి గొంతూ అందేలా కిందికి దించేవారు. తెర అవతల జనానికి ఎవరి గొంతు ఏదో తెలిసేది కాదు, ఊరు పాడుతున్నట్టే ఉండేది.