వాసెన కట్టిన జాడీ

బడులు తెరిచే వారం వచ్చిందంటే విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే రహదారి మీద కార్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్ల దగ్గర వరసలో ఆగిన ఏ కారు వెనక అద్దంలోంచి చూసినా మనుషుల తలలు కనిపించవు. సంచులు, అట్టపెట్టెలు, దిండ్లు, మామిడిపండ్ల బుట్ట పైదాకా పేర్చి ఉంటాయి. వాటన్నిటికన్నా భద్రంగా, వెనక సీట్లో ఇద్దరు పిల్లల మధ్య, ఈ ఏటి ఆవకాయ జాడీ కూర్చుని ఉంటుంది. ఈ వారం నన్ను కలవరపెట్టింది ఆ జాడీయే. మూతి మీద తెల్లటి గుడ్డతో వాసెన, దాని చుట్టూ నూలుతాడు మూడు చుట్లు, ముడి మీద ముడి. చుక్క నూనె బయటికి రాదు. ఎంతో ప్రేమగా, ఎంతో నేర్పుగా కట్టిన కట్టు అది. కాని జాడీని మాత్రం దేనికీ కట్టలేదు. పక్కన ఉన్న పిల్లాడు చేత్తో పట్టుకుని ఉన్నాడు, అంతే.

యంత్రం ఎంత మంచిదన్నదాని కన్నా దాన్ని వాడే చేతి అలవాటు ముఖ్యమన్నది నా పాత పట్టు. ఈ కాలమ్ వారం వారం చదివేవారికి అది కొత్త కాదు. కారు లోపలి శుభ్రం విషయంలో ఆ పట్టు ఇంకా గట్టిపడింది. కారు శుభ్రంగా ఉంచుకోవడం అనగానే మనకు తోచేది వాక్యూమ్ కొట్టించడం, డ్యాష్‌బోర్డు మెరిసేలా పాలిష్ పెట్టించడం, కొత్త సీటు కవర్లు, ఓ సెంటు సీసా. వాటిని కాదనను. దుమ్ములో కూర్చుని ఎవరు ప్రయాణం చేస్తారు? కాని ఇల్లు సర్దడానికీ కారు సర్దడానికీ పోలిక లేదు. ఇంట్లో వస్తువు పెట్టినచోట ఉంటుంది. కారులో పెట్టిన వస్తువు మాత్రం మనతో సమానంగా పరుగెత్తుతూ ఉంటుంది. కదలనట్టు కనిపించడం మన కంటి భ్రమ. కారు దేనికైనా గుద్దుకుని ఠక్కున ఆగితే, కట్టని వస్తువు ఆగదు, అంతకుముందు కారుకున్న వేగంతోనే ముందుకు పోతుంది. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో వచ్చి తగిలే వస్తువు దెబ్బ, 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి నెత్తిన పడినదానితో సమానం. 80 కిలోమీటర్ల వేగమైతే ఆ ఎత్తు 25 మీటర్లు. 100 అయితే 39 మీటర్లు, దాదాపు పదమూడు అంతస్తులు. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలవుతుంది. లీటరు నీళ్ల సీసా కిలో బరువు ఉంటుంది. ఐదు కిలోల పచ్చడి జాడీ సంగతి లెక్క వేయడానికే మనసొప్పదు.

గుద్దుకుంటేనే కదా ఈ లెక్కలన్నీ, జాగ్రత్తగా నడిపేవాడికి ఇవన్నీ ఎందుకని అడిగేవారున్నారు. వారికి నా జవాబు డ్రైవరు కాళ్ల దగ్గర ఉంది. కారు లోపలి వస్తువు ప్రమాదంలో దెబ్బ తగిలించడమే కాదు, ప్రమాదాన్నే తెచ్చిపెట్టగలదు. గేదె అడ్డం వచ్చిందని గట్టిగా బ్రేకు వేస్తే చాలు, సీటు కింద పడేసిన నీళ్ల సీసా ముందుకు దొర్లుతుంది. అది బ్రేకు పెడల్ కిందికి చేరితే, రెండోసారి తొక్కినప్పుడు పెడల్ సగంలో ఆగిపోతుంది. కాలికి తగిలిన ఆ అడ్డం ఏమిటో అర్థం చేసుకునే వ్యవధి కూడా ఉండదు. మ్యాట్ల సంగతీ ఇంతే. కంపెనీ ఇచ్చిన మ్యాట్ మీద మట్టి అంటకుండా రబ్బరు మ్యాట్, దాని మీద సర్వీసు సెంటరువాళ్లు పరిచిన కాగితం, అది తీయకుండానే ఇంకో మ్యాట్. కింది మ్యాట్‌ను పట్టి ఉంచే కొక్కేలు పైదాన్ని పట్టవు. 2009 ఆగస్టులో అమెరికాలో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో, ఆ మోడలుది కాని మ్యాట్ యాక్సిలరేటర్‌ను తొక్కిపట్టేయడంతో వేగం అదుపు తప్పి నలుగురు చనిపోయారు. నడిపిన మనిషి రహదారి గస్తీ పోలీసు అధికారి, డ్రైవింగు తెలియని మనిషి కాదు. ఆ తర్వాత టయోటా సంస్థ 38 లక్షల వాహనాల యజమానులను మ్యాట్లు తీసేయమని కోరింది. నడిపేవాడి జాగ్రత్త పెడల్ దాకా చేరాలంటే మధ్యలో అడ్డం ఉండకూడదు. డ్రైవరు కాళ్ల దగ్గర ఒకే మ్యాట్, అదీ ఆ కారుదే, కొక్కేలకు తగిలించి ఉండాలి. ఇందులో రాజీకి చోటు లేదు.

డ్యాష్‌బోర్డు విషయం కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ భక్తి ఉంది. కొత్త కారు కొనగానే గుడికి తీసుకెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, డ్యాష్‌బోర్డు మీద వేంకటేశ్వరుణ్ణో వినాయకుణ్ణో నిలబెట్టాకే మనం దాన్ని రోడ్డెక్కిస్తాం. బయలుదేరే ముందు ఒక్క క్షణం చేతులు జోడించి ఆగడం నాకెప్పుడూ నచ్చుతుంది, ఆ క్షణంలో నడిపేవాడి తొందర తగ్గుతుంది. కాని మన దేశంలో కొత్త కార్లలో 2019 జూలై నుంచి డ్రైవరుకు, ఆ తర్వాత రెండున్నరేళ్లలో పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఉండేది సరిగ్గా ఆ డ్యాష్‌బోర్డు లోపలే. దాని మూత మీద చిన్న అక్షరాలు అచ్చువేసి ఉంటాయి, చాలామంది అక్కడే రెండువైపులా అంటుకునే టేపుతో విగ్రహం అతికిస్తారు. రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో ఆ మూత చీల్చుకుని సంచి బయటికి వస్తుంది. దాని మీద ఉన్న ఇత్తడి విగ్రహమో రాతి విగ్రహమో పక్క సీట్లో కూర్చున్న మనిషి ముఖం మీదికే వెళ్తుంది. పైగా మన మే నెల ఎండకు ఆ టేపు జిగురు ఎంతకాలం నిలుస్తుంది? దేవుణ్ణి తీసేయమనడం లేదు. స్టిక్కరుగా, పలచటి పటంగా ఆ మూత మీద కాకుండా వేరే చోట పెట్టుకోమంటున్నాను. అద్దానికి వేలాడే దండలు, బొమ్మలు కూడా చూపుకు అడ్డం లేకుండా తీసేయాలి, అందులో చర్చించేదేమీ లేదు.

ఇంతదాకా చదివినవారు, కారులో ఏమీ పెట్టుకోవద్దని చెబుతున్నాననుకోవచ్చు. లోగడ ఇదే చోట నేను అలాగే రాశాను కూడా. ఖాళీ కారే మంచి కారు అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఊరి నుంచి వచ్చే బియ్యం, పచ్చళ్లు, కొబ్బరికాయలు, సున్నుండల డబ్బా లేకపోతే ఆ ప్రయాణానికి సగం అర్థం పోతుంది. మోయడానికే బండి. మన రైతులు ఎడ్లబండిని ఎన్నడూ ఖాళీగా ఉంచుకోలేదు, అలాగని తోచినట్టు నింపనూ లేదు. రెండు చక్రాల బండి మీద బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను అణగదొక్కుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాడు గొంతు నొక్కుతుంది. అందుకే బరువైన బస్తాలు ఇరుసుకు దగ్గరగా సర్దేవారు. కాడి ఎత్తి చూసి, తూకం కుదరకపోతే ఒక బస్తా వెనక్కి జరిపేవారు. గడ్డి వేస్తే మోకు వేసి, ఇద్దరు చెరోవైపు లాగి బిగించాకే బండి కదిలేది. నడక వేగంతో పోయే బండికి ఇంత శ్రద్ధ చేశారు. ఆ బండి వేగానికి ఇరవై రెట్ల వేగంతో పోయే బండిలోకి మారాం, మోకు మాత్రం కళ్లంలోనే వదిలేసి వచ్చాం. కారుకు నాలుగు చక్రాలున్నాయి కాబట్టి తూకం దానంతట అదే కుదురుతుందని, నాలుగు వైపులా తలుపులున్నాయి కాబట్టి లోపలివన్నీ కట్టినట్టేనని అనుకున్నాం.

ఎడ్లబండి సూత్రం కారుకూ అక్షరాలా వర్తిస్తుంది. బియ్యం బస్తాలాంటి బరువైనవి డిక్కీలో అడుగున, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టాలి. సీటుకూ బస్తాకూ మధ్య ఖాళీ ఉంటే బస్తా వేగంగా వచ్చి సీటును గుద్దుతుంది, ఆని ఉంటే అలా జరగదు. తేలికవి పైన పెట్టాలి, సీటు వీపు ఎత్తు దాటి ఏదీ పేర్చకూడదు. వెనక అద్దం కింద ఉండే పలక సామాన్ల అర కాదు, దాని మీద పెట్టిన గొడుగు కూడా వెనక కూర్చున్నవారి మెడ ఎత్తులో ఉంటుంది. డిక్కీ గోడలకు చాలా కార్లలో కొక్కేలో రింగులో ఉంటాయి, వాటికి తాడు వేసి బిగించవచ్చు. ఇందుకోసం అంగడిలో అమ్మే ఆర్గనైజర్లు కొనాలా అని అడిగితే, కొన్ని పనికొస్తాయి, కొన్ని హాని చేస్తాయి. గుడ్డతో కుట్టిన జేబుల సంచి మంచిదే. ముందు సీటు వీపుకు తగిలించే గట్టి ప్లాస్టిక్ బల్ల వెనక కూర్చున్న పిల్లవాడి నుదురుకు ఎదురుగా ఉంటుంది కాబట్టి వద్దు. వైపు ఎయిర్‌బ్యాగులు సీటు అంచులో ఉన్న కార్లకు, ఆ అంచును మూసేసే సీటు కవరు ఎంత అందంగా ఉన్నా వద్దు. నిజానికి మన వంటింట్లోనే ఇందుకు కావలసినవన్నీ ఉన్నాయి. గుండ్రటి కుండ దొర్లకుండా చుట్టకుదురు, పిల్లికి అందకుండా ఉట్టి, నూనె ఒలకకుండా వాసెన, ఇవన్నీ వస్తువును ఉన్నచోట ఉంచడానికి పుట్టిన పనిముట్లే. పాత చీరను చుట్టగా చుట్టి డిక్కీ మూలలో పెట్టి, దాని మీద జాడీ కూర్చోబెట్టి, రెండువైపులా దుప్పట్లు కూరి, మీదుగా ఒక తాడు కొక్కేనికి బిగిస్తే ఐదు నిమిషాల పని. వాసెన కట్టగలిగిన చేతికి అదేం కష్టం?

రోడ్లు బాగాలేవు, తాగి నడిపేవారున్నారు, ఎదురుగా వచ్చే లారీలున్నాయి, ఇన్ని ఉండగా జాడీ గురించి ఇంత వాదనా అని అడగవచ్చు. అవన్నీ నిజమే. కాని ప్రమాదం ఎందుకు జరిగిందన్నది ఒకటి, అందులో మనిషి ఎందుకు చనిపోయాడన్నది మరొకటి. మొదటిదాంట్లో సగం మన చేతిలో లేదు. రెండోదాంట్లో చాలా భాగం ఉంది. ఇక్కడే నా వాదన జాడీని దాటి వెళ్లాలి, ఎందుకంటే ఆ కారులో కట్టకుండా వదిలేసిన అతి బరువైన వస్తువు జాడీ కాదు. వెనక సీట్లో కూర్చున్న నానమ్మ. పక్కన 60 కిలోల బాబాయి. ఒళ్లో చంటిబిడ్డ. 50 కిలోమీటర్ల వేగం నుంచి కారు పదో వంతు సెకనులో ఆగితే, 10 కిలోల బిడ్డను పట్టుకోవడానికి 140 కిలోల బరువు మోసే బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. వెనక సీటు మనిషి బెల్టు పెట్టుకోకపోతే, బెల్టు పెట్టుకున్న ముందు సీటు మనిషి మీదికే వచ్చి పడతాడు. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన, దృఢమైన కారులోనే. వెనక కూర్చున్న ఆయనా, ఆయన మిత్రుడూ బెల్టు పెట్టుకోలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో ఆ ఒక్క ఏడాది సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. వారిలో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది పక్కన, వెనక కూర్చున్నవారు. సగానికి సగం. వెనక సీటుకూ బెల్టు తప్పనిసరి అని చట్టం ఉంది, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. అయినా మనం బెల్టు పెట్టుకోవడం మాని, అది గుర్తుచేసే మోతను ఆపడానికి ఖాళీ క్లిప్పులు కొన్నాం. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశంతో ఐదు ఆన్‌లైన్ అంగళ్ల నుంచి అలాంటి క్లిప్పుల అమ్మకపు ప్రకటనలు 13,118 తొలగించారు. ఇత్తడి దేవుణ్ణి డ్యాష్‌బోర్డుకు అతికించడం మరవని చేతులే ఈ క్లిప్పులు కూడా బిగించాయి.

పెద్దవారికి బెల్టు ఇబ్బందిగా ఉంటుందని, పొట్ట మీద నొక్కుతుందని, చీర నలుగుతుందని చెబుతారు. కొంత నిజమే. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా వచ్చేలా, పై పట్టీ మెడకు కాకుండా భుజం మీదుగా వచ్చేలా పక్కన కూర్చున్నవారు ఒక్కసారి సర్దిపెడితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. నానమ్మ తనంతట తాను అడగదు, మనమే వంగి పెట్టాలి. చాలా కార్లలో అసలు అడ్డంకి వేరే ఉంది. షోరూమ్ నుంచి తెచ్చిన వారంలోనే వేయించిన సీటు కవరు కింద వెనక బెల్టుల బకిల్స్ మూడూ కనిపించకుండా పోయి ఉంటాయి. ఎప్పుడూ వాడలేదు కాబట్టి ఎవరూ వెతకలేదు. ఈ ఆదివారం కారు కడిగేటప్పుడు ముందు ఆ కవరు సందులో చేయి పెట్టి ఆ మూడింటినీ బయటికి తీయండి. మధ్యదానికి వేళ్లు లోపలిదాకా పెట్టాల్సి వస్తుంది, దాని చుట్టూ నాణేలు, వేరుశనగ పొట్టు, చాక్లెట్ కాగితాలు ఉంటాయి. వాటిని తుడిచి, బెల్టు నాలుకను బకిల్‌లోకి నెట్టి, టక్కుమని పట్టుకుందో లేదో విని చూడండి.