కొలతకు కుట్టిన అప్పు

సిద్దిపేట జిల్లాలో ఏ ఊళ్లోనైనా డ్వాక్రా సంఘం పెట్టె తెరిస్తే ముందు చేతికి తగిలేవి పైసలు కావు, పుస్తకాలు. తీర్మానాల పుస్తకం, పొదుపు–అప్పుల పుస్తకం, నగదు పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, వాటి కింద సభ్యురాళ్ల చిన్న పాసుపుస్తకాలు. ఆడవాళ్ల చిన్న వ్యాపారాల గురించి రాసేవాళ్లు మామూలుగా బర్రెనో, కుట్టుమిషన్నో, కిరాణా కొట్టునో ఫొటో తీసుకుని వెళ్తారు. నన్ను అడిగితే ఆ బర్రె కన్నా దాని వెనకున్న అప్పే చూడదగ్గ పనితనం. అప్పు ఎవరైనా ఇస్తారు. తీసుకున్న మనిషి మునగకుండా, ఇచ్చిన సంఘం చెడకుండా, రవికకు కొలత తీసినట్టు కొలిచి కుట్టడం మాత్రం ఒక విద్య. మన ఊళ్ల ఆడవాళ్లు ఈ విద్యను ముప్పై ఏళ్లకు పైగా నేర్చుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ వచ్చారు.

దీని పుట్టుక అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగానికి నాబార్డు 1992లో శ్రీకారం చుట్టింది. ఆ దశాబ్దంలోనే నెల్లూరు జిల్లాలో సారాపై తిరగబడ్డ ఆడవాళ్ల కదలిక పొదుపు బాట పట్టి ‘రోజుకో రూపాయి’ లెక్కను ఊరూరికీ చేర్చింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడ్డాక సంఘాలన్నీ గ్రామ సమాఖ్యగా, అవి మండల సమాఖ్యగా, పైన జిల్లా సమాఖ్యగా అల్లుకున్నాయి. అప్పటికి సిద్దిపేట మెదక్ జిల్లాలో భాగం. 2016 అక్టోబర్ 11న వేరే జిల్లా అయింది. కాగితాల మీద పథకాల పేర్లు వెలుగు అనీ, ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) అనీ మారుతూ వచ్చినా, ఊళ్లో ఇప్పటికీ ‘డ్వాక్రా గ్రూపు’ అంటేనే అందరికీ అర్థమవుతుంది.

ఇక అసలు పనిలోకి వద్దాం. సంఘంలో పది నుంచి పదిహేను మంది ఉంటారు. ఈ సంఖ్య ఊరికే పెట్టింది కాదు. అయిదుగురే అయితే ఒకరు కట్టకపోయినా మిగతావాళ్ల మీద బరువు పడుతుంది. నలభై మంది అయితే ఎవరింట్లో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు. పదిహేను మందిలో ఒక్కరు రాకపోయినా ఆ ఖాళీ కనిపిస్తుంది, ‘ఏమైంది వదినా’ అని ఇంటికి వెళ్లి అడిగే చనువూ ఉంటుంది.

సమావేశంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. హాజరు పిలిచాక పొదుపు పైసలు, కిస్తీలు మధ్యలో పెడతారు. అందరి కళ్లముందే లెక్కపెట్టి, పుస్తకంలో ఎక్కించి, మొత్తం పైకి చదువుతారు. చదువు రానివాళ్లకు తమ పొదుపెంతో, బాకీ ఎంతో నోటికే ఉంటుంది. అంకె తప్పితే చప్పున పట్టుకుంటారు. ఆ తర్వాతే కొత్త అప్పు ముచ్చట. ఎవరికి కావాలి, దేనికి, ఎంత, ఎన్ని కిస్తీల్లో కడతారు అన్నవన్నీ మాట్లాడుకుని తీర్మానం రాస్తారు. లేచి వెళ్లకముందే సంతకాలు, వేలిముద్రలు పడిపోవాలి. ఇంటికెళ్లి రేపు సంతకం పెడతాననే మాటకు చోటిస్తే ఆ పుస్తకం ఇద్దరు లీడర్ల సొంతమైపోతుంది. పాడైన సంఘాల కథ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

పొదుపు–అప్పుల పుస్తకంలో ఒక్క పేజీని దగ్గరగా చూడండి. ఎడమ పక్కన వరసగా పేర్లు. ఒక్కో పేరుకు ఎదురుగా పాత పొదుపు, ఈ నెల పొదుపు, అప్పు నిల్వ, కట్టిన అసలు, కట్టిన మిత్తి, ఇంకా ఉన్న బాకీ. అడ్డంగా చదివితే ఒక ఆడమనిషి ఇల్లు ఎలా నడుస్తోందో తెలుస్తుంది. నిలువుగా కూడితే సంఘం ఆరోగ్యం తెలుస్తుంది. అడ్డం కూడిక, నిలువు కూడిక కలవాలి. పెట్టెలో ఉన్న నగదు, బ్యాంకులో ఉన్నది, సభ్యుల దగ్గర ఉన్నది కూడితే సంఘానికి వచ్చిన పొదుపు, మిత్తి, బ్యాంకు అప్పుల్లోంచి తీర్చినవీ ఖర్చయినవీ పోగా మిగిలిన దానికి పైసాతో సహా సరిపోవాలి. పదో తరగతి చదివిన అమ్మాయి రాయగలిగేంత సులువుగా, మోసం చేయాలంటే కనీసం మూడు చోట్ల అబద్ధం రాయాల్సినంత గట్టిగా ఆ గడులు గీశారు. ఈ పుస్తకాలు రాయడానికి, బ్యాంకు చుట్టూ తిరగడానికి ఊరికి ఒక వీవోఏ, అంటే గ్రామ సమాఖ్య సహాయకురాలు, ఉంటారు. నిజానికి సంఘాల పనితనంలో సగం ఆమె చేతిరాతలోనే ఉంది.

మిత్తి లెక్క చూస్తే ఈ పని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒకామె బర్రె కోసం 50,000 రూపాయలు తీసుకుందనుకుందాం. సంఘం లెక్కలో నూటికి నెలకు రూపాయి మిత్తి, అసలు నెలకు 2,000 చొప్పున 25 కిస్తీలు. మొదటి నెల మిత్తి 500, రెండో నెల 480, మూడో నెల 460. అసలు తరిగినకొద్దీ మిత్తి తరిగి చివరి నెల 20 రూపాయలకు దిగుతుంది. మొత్తం మిత్తి 6,500. అదే సొమ్మును ఊళ్లో నూటికి మూడు రూపాయలకు తెచ్చి, అసలు చివర్లో ఒక్కసారే ఇస్తానని ఒప్పుకుంటే నెలకు 1,500 చొప్పున 25 నెలల్లో 37,500 మిత్తి పోతుంది, 50,000 అసలు అలాగే నెత్తిన ఉంటుంది. తేడా 31,000. ఈ తేడా అంతా తక్కువ మిత్తి వల్లే వచ్చిందనుకుంటే పొరపాటు. మూడు రూపాయల మిత్తే వేసినా, అసలు నెలనెలా తెంపుకుంటూ పోతే 19,500తో తేలిపోయేది. అంటే ఆదాలో సగానికి పైగా కిస్తీని కోసిన తీరు వల్ల వచ్చింది. అసలును చిన్న ముక్కలుగా తీర్చనివ్వడమే బీదవాళ్ల అప్పులో అన్నిటికన్నా పెద్ద సౌకర్యం. షావుకారి సాధారణంగా ఇవ్వనిదీ అదే.

కిస్తీని వ్యాపారానికి సరిపెట్టడం ఇంకో నేర్పు. పాడి ఉన్న ఇంటికి డెయిరీ బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది కాబట్టి నెల కిస్తీ భారం కాదు. కానీ బర్రె ఏడాది పొడుగునా పాలివ్వదు. వట్టిపోయిన నెలల్లో దాణా ఖర్చు ఆగదు, బిల్లు మాత్రం ఆగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు రెండు బర్రెలను ఒకేసారి కొనరు. మొదటిది ఈనిన అయిదారు నెలలకు రెండోదానికి అప్పు పెట్టుకుంటారు. ఒకటి వట్టిపోయేసరికి రెండోది పాల మీద ఉంటుంది. కిరాణా కొట్టుకు రోజూ గల్లా ఉంటుంది కాబట్టి కిస్తీ దగ్గర దగ్గరగా ఉన్నా నడుస్తుంది. బట్టలు కుట్టే ఆమెకు పెళ్లిళ్ల కాలంలో చేతినిండా పని, ఆషాఢంలో ఖాళీ. గొర్రెలు, మేకలు పెంచే ఇంటికి డబ్బు వచ్చేది జీవాలను అమ్మిన రోజే. ఈ తేడాలు బ్యాంకు కంప్యూటరుకు తెలియవు, చుట్టూ కూర్చున్న పదిహేను మందికి తెలుసు. అప్పు అడిగిన ఆమె ‘నెలకు మూడు వేలు కడతా’ అంటే, ‘నీ బర్రె శ్రావణంలో వట్టిపోతది గదా అక్కా, అప్పుడెట్ల?’ అని అడిగేవాళ్లు అక్కడే ఉంటారు. ఏ మేనేజరూ చేయలేని తనిఖీ ఇది.

సంఘాల్లో పంచసూత్రాలని చెప్పుకునేవి అయిదు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. ఇందులో మూడోదానికి ఎక్కువ మార్కులు వేస్తాను. బ్యాంకు అప్పు రాకముందే తమ పొదుపులోంచి ఒకరికొకరు వెయ్యి, రెండు వేలు ఇచ్చుకోవడం అన్నమాట. ఆసుపత్రికో, పిల్లల ఫీజుకో తీసుకున్న ఆ చిన్న అప్పుల్లోనే ఎవరి మాట ఎంత గట్టిదో తేలిపోతుంది. తర్వాత లక్షల్లో బ్యాంకు అప్పు వచ్చినప్పుడు ఎవరికి ఎంత ఇవ్వొచ్చో కొత్తగా కనుక్కోవాల్సిన పని ఉండదు.

సంఘం పైన గ్రామ సమాఖ్య, దాని వెనక 2011లో పుట్టిన స్త్రీనిధి. సమాఖ్యలు వాటాదార్లుగా ఉన్న ఈ సహకార పరపతి సంస్థ ఒక్క లోటును పూడ్చడానికి పుట్టింది. అప్పు వేళకు అందకపోవడమే ఆ లోటు. బ్యాంకు అప్పు మంచిదే, కానీ అది వచ్చేసరికి అవసరం దాటిపోతుంది, ఈలోగా మనిషి షావుకారి గడప ఎక్కుతుంది. అందుకే ఫోన్‌లోనే అప్పు అడిగి, 48 గంటల్లో సంఘం ఖాతాలో సొమ్ము పడేలా స్త్రీనిధిని తీర్చారు.

ఈ పనితనం విలువ తెలియాలంటే అది లేనిచోట ఏమైందో చూడాలి. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు పోటీపడి అప్పులిచ్చాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు, అందరికీ ఒకే కొలత, వారంవారం కిస్తీ. పాల బిల్లు వచ్చినా రాకపోయినా, పంట చేతికందినా అందకపోయినా వారం వారమే. కట్టలేనివాళ్లు ఒకరి అప్పు తీర్చడానికి మరొకరి దగ్గర తీసుకున్నారు. వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అందులోని ఒక షరతు, కిస్తీ నెలకోసారే వసూలు చేయాలని. సంఘాల ఆడవాళ్లు ఎప్పటినుంచో పాటిస్తున్న కొలతనే చట్టం కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది. రిజర్వు బ్యాంకు కింద నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. వారం కిస్తీలవాళ్లకు తలుపు మళ్లీ తెరుచుకుంది కాబట్టి ఈ తేడా పాత ముచ్చట కాదు.

మెచ్చుకోవడమంటే లేనిది అంటగట్టడం కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరో ఇద్దరితో కలిసి హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో మైక్రోఫైనాన్స్ ప్రభావాన్ని పరిశీలించారు. 2015లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, అప్పు దొరికినచోట అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. కుటుంబాల మొత్తం ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది కంపెనీ అప్పు, పట్నం బస్తీలు, నిజమే. అయినా అందులోని హెచ్చరిక సంఘాలకూ వర్తిస్తుంది: అప్పు ఉన్న దారిని వెడల్పు చేస్తుంది, లేని దారిని వేయదు. పెళ్లికో, బోరుకో, భర్త చేతికో వెళ్లిన అప్పును కూడా పుస్తకంలో ‘పాడి’ అని రాసే అలవాటు ఉంది. అన్ని పుస్తకాల బరువూ ఒక్క వీవోఏ మీద పడటం, వేళకు కట్టినవాళ్లకు ప్రభుత్వం తిరిగి ఇస్తానన్న మిత్తి ఆలస్యం కావడం కూడా ఉన్నవే.

అందుకే సిద్దిపేటలో నాకు బాగా నచ్చినవి సంఘాలు ఉమ్మడిగా పట్టుకున్న పనులు. స్టీల్ బ్యాంకులు అలాంటివి. పెళ్లికో, దావత్‌కో ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు కొనే బదులు ఊళ్లోని మహిళా సంఘం దగ్గర స్టీలు సామాను కిరాయికి తెచ్చుకుంటారు. పెట్టుబడి ఒక్కసారే. సామాను పాడవదు, ఊళ్లో శుభకార్యాలు ఆగవు. ఎన్ని గ్లాసులు వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి అన్న లెక్క, పొదుపు పుస్తకం రాసినవాళ్లకు కొత్త కాదు. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాలదీ అదే తీరు. తేమ 17 శాతం దాటిందా అని మిషన్‌తో చూడటం, తాలు తీయించడం, 40 కిలోల బస్తా తూకం, రైతు పేరున చీటీ, మిల్లుకు పంపిన లారీ లెక్క. కోట్ల రూపాయల సరుకును గ్రామ సమాఖ్య ఆడవాళ్లు చేతుల మీదుగా దాటించి కమీషన్ సంపాదిస్తున్నారు. ముప్పై రూపాయల పొదుపుతో మొదలైన అడ్డం కూడిక, నిలువు కూడిక ఇంతదాకా పనికొచ్చింది.

ఇక ముందు నేర్వాల్సింది అమ్మకం. బర్రె కొనడానికి అప్పు దొరుకుతుంది కానీ పాలకు ధర పుట్టించడం ఒంటరి సభ్యురాలి వల్ల కాదు. అందుకూ దగ్గర్లోనే దారి ఉంది. హుస్నాబాద్ దాటి జిల్లా సరిహద్దు అవతల ముల్కనూరులో, పొదుపు సంఘాల్లో లెక్కలు నేర్చిన ఆడవాళ్లే 2002లో సొంత సహకార డెయిరీ పెట్టుకుని ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతున్నారు. అక్కడ పాలు పోసేదీ, డెయిరీకి యజమానీ ఒకరే. సిద్దిపేట సమాఖ్యలకు పెట్టుబడి ఉంది, పుస్తకం ఉంది, మాట మీద నిలబడ్డ పేరు ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో అప్పు కొలిచే నేర్పును ఊరి సరుకంతటికీ ధర కొలవడానికి వాడితే, ఆ చేతులకు అది అందని పనేమీ కాదు.