సముద్రం కింద గోదావరి

చెన్నై పరంగిమల నల్లరాయిని తడిమి చూడండి, చేతికి ఒక్క సందు తగలదు. పల్లావరం చుట్టుపక్కల దొరికే ఈ రాయే కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధికెక్కింది. అందుకే 1893లో భూవిజ్ఞాని థామస్ హాలండ్ దీనికి చార్నకైట్ అని పేరుపెట్టాడు. ఇదే జాతి రాళ్ళు తూర్పు కనుమల్లోనూ ఉన్నాయి. అంతటి బిగువును గోదావరి ఒరిసి ఒరిసి ఇసుక చేసింది. రాయి ఇసుకయ్యాక రేణువుకీ రేణువుకీ నడుమ జాగా ఏర్పడింది. కాకినాడకు ఎదురుగా బంగాళాఖాతం అడుగున 2002లో బయటపడ్డ కేజీ-డి6 గ్యాస్ క్షేత్రం సౌందర్యమంతా ఆ జాగాలోనే ఉంది.

గ్యాస్ కోసం వెతికేవాళ్ళు సముద్రం అడుగుకు ధ్వని పంపి ప్రతిధ్వనులు వింటారు. గ్యాస్ నిండిన ఇసుకలో ధ్వని నెమ్మదిస్తుంది. పై మట్టికీ దానికీ తేడా ఎక్కువ కాబట్టి అక్కణ్ణుంచి ప్రతిధ్వని బలంగా తిరిగొస్తుంది. ఆ బలమైన ప్రతిధ్వనులన్నిటినీ పటంగా పరిచి చూస్తే కళ్ళెదుట ఒక నది! మెలికలు తిరుగుతుంది, గట్టు తెంచుకుంటుంది, పాత పాయను వదిలి కొత్త దారి పడుతుంది. ఒండ్రుతో బరువెక్కిన నీరు సముద్రపు వాలున జారుతూ లక్షల ఏళ్ళ కిందట, ప్లయోసీన్ యుగంలో, కోసుకున్న కాలువలవి.

ఔచిత్యమే, అంటే ప్రతిదీ తగిన చోట తగినట్టు ఉండటమే, కావ్యానికి ప్రాణమన్నాడు సంస్కృత ఆలంకారికుడు క్షేమేంద్రుడు. ఆ మాటకు ఈ గ్యాస్ పుట్టి నిలిచిన తీరుకన్నా నిండైన ఉదాహరణ నాకు తెలీదు. వరదలో కొట్టుకొచ్చిన ఆకూ అలమా ఒండ్రులో కూరుకుపోయింది. గాలి సోకని ఆ బురదలో సూక్ష్మజీవులు దాన్ని మీథేన్‌గా మార్చాయి. వేడి మరీ పెరిగి ఉంటే ఆ జీవులు బతికేవి కావు. పైకి పాకిన వాయువుకు ఇసుక చోటిచ్చింది. ఆ ఇసుకను మెత్తని బంకమట్టి కప్పేసింది. ఆ కప్పే లేకుంటే వాయువంతా ఎప్పుడో సముద్రంలో కలిసిపోయేది. ఆహారం, పాత్ర, మూత మూడూ ఒకే నది తెచ్చింది, తేవలసిన వరసలో తెచ్చింది.

ఈ క్షేత్రం పేరు మనకు ధరల గొడవల్లోనే ఎక్కువగా వినబడింది. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. తొలి బావులున్న డి1, డి3 భాగాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. లాభనష్టాల లెక్క ఎవరిదైనా కావచ్చు, ఆ రచన మాత్రం గోదావరిది. మన బడి పుస్తకాల పటాల్లో ఆ నదిని ఒడ్డు దగ్గరే ఆపేస్తున్నాం. ఆ నీలిగీతను సముద్రంలోకి ఇంకా పొడిగించి గీయాలి, పిల్లలకు పూర్తి గోదావరిని చూపించాలి.