వెదకబోయిన పుస్తకం, చేతికందిన దస్త్రం: క్యూబిట్‌టారెంట్ గుణదోషాలు

2017లో బతుకమ్మ చీరల నేత సిరిసిల్లకు వచ్చినప్పుడు ఆ పని ఏ ఒక్క కార్ఖానాకో దక్కలేదు. అది వేల సాంచాల మీదికి పంపకమైంది. ఒక వీధిలో కరెంటు పోతే మరొక వీధిలో నేత సాగేది. ఒక సాంచా మీద గుడ్డ చెడితే ఆ గుడ్డే పక్కకు పోయేది గాని, మొత్తం పని చెడేది కాదు. 2001లో అమెరికాకు చెందిన బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టారెంట్ పద్ధతికి ఇంతకంటె దగ్గరి పోలిక తెలుగు విద్యార్థికి దొరకదు. ఒక పెద్ద దస్త్రాన్ని వందల, వేల ముక్కలు చేసి, ఎవరి దగ్గర ఏ ముక్క ఉంటే వారి వద్ద దానిని తెచ్చుకోవడమే ఇందులోని కీలకం. కోరుట్లలోని కంప్యూటరుకు ఒక ముక్క దుబాయి నుంచి, మరొకటి జర్మనీ నుంచి రావచ్చు. వచ్చిన ముక్కను ఆ కంప్యూటరు వెంటనే ఇతరులకు పంచడం మొదలుపెడుతుంది.

ఈ పని చేసే క్లయింటు ప్రోగ్రాములలో క్యూబిట్‌టారెంట్ ప్రసిద్ధమైనది. 2006లో క్రిస్టాఫ్ డ్యూమె ఫ్రాన్సులో దీనిని ప్రారంభించగా, ఇప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు సాగిస్తున్నారు. వెల లేదు, ప్రకటనలు లేవు, మూలరచన అందరికీ బాహాటం. ముక్కలను తెచ్చి, పరీక్షించి, కూర్చే పనిలో దీనికి వంక పెట్టడం కష్టం. ప్రతి ముక్కకూ 160 బిట్ల హ్యాష్ సంఖ్య ఒకటి టారెంట్ దస్త్రంలో ముందే రాసి ఉంటుంది. అది ఆ ముక్కకు వేలిముద్ర వంటిది. వచ్చిన ముక్క వేలిముద్ర సరిపోకపోతే క్లయింటు దానిని పారవేసి మరల తెప్పిస్తుంది. ఒకే వేలిముద్ర గల రెండు వేరు వేరు దస్త్రాలను 2017లో పరిశోధకులు తయారుచేసి చూపారు. కొత్త రకం టారెంట్లు 256 బిట్ల హ్యాష్ వాడడం ఇటువంటి ప్రమాదం వల్లనే. నడుమ కరెంటు పోయి దస్త్రం మీద అనుమానం కలిగితే ‘ఫోర్స్ రీచెక్’ అనే ఆజ్ఞ ఇస్తే చాలు. ప్రోగ్రాము ముక్కలన్నిటిని తిరిగి సరిచూసి, చెడినవాటినే మళ్ళీ తెస్తుంది. మొదటి నుంచి దింపుకొనే శ్రమ ఉండదు.

చిక్కంతా వెదకడంలో ఉన్నది. సెర్చ్ పెట్టెలో పుస్తకం పేరు కొట్టగానే ప్రపంచంలోని టారెంట్ వాడుకరులందరినీ ఈ ప్రోగ్రాము అడిగి వస్తుందని చాలామంది భ్రమ. అలా జరగదు. వాడుకరుల మధ్య పంచబడిన డి.హెచ్.టి. అనే పట్టిక ఒకటి నిజంగానే ఉన్నది గాని, దానికి పేరు చెప్తే పలుకదు, హ్యాష్ సంఖ్య చెప్తేనే పలుకుతుంది. ఇంటి నంబరు తెలిస్తే ఇల్లు చూపించి, మనిషి పేరు చెప్తే తల అడ్డంగా ఊపే కాపలాదారు వంటిది అది. అందువల్ల పేరుతో వెదకడానికి సెర్చ్ ప్లగిన్లు కావలసి వచ్చాయి. ఒక్కొక్క ప్లగిన్ పైథాన్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాము. అది ఒక్కొక్క వెబ్‌సైటుకు పోయి, అక్కడి పుటను చదివి, పట్టిక తీసుకొని వస్తుంది.

నాచుపల్లి ఇంజనీరింగు కళాశాల విద్యార్థి గాని, జగిత్యాల ఉపాధ్యాయుడు గాని ‘ఫలితాలు లేవు’ అన్న మాట చూసి నెట్‌వర్కును తిట్టుకోవడం అందుచేత న్యాయం కాదు. కంప్యూటరులో పైథాన్ లేకపోతే ప్లగిన్ అసలు కదలదు. వెబ్‌సైటు తన పుట అమరికను మార్చుకున్ననాడు ప్లగిన్‌కు కళ్ళు పోతాయి. అప్పుడు కొత్త ప్రతి తెచ్చుకోవాలి, లేదా దానిని నిలిపివేయాలి. జాకెట్ అనే ప్లగిన్ సంగతి వేరు. అది వేరొక ప్రోగ్రాము మీద ఆధారపడినది. ఆ ప్రోగ్రామును స్థాపించి, దాని తాళపు సంఖ్యను ఇవ్వనంత కాలం ప్రతి వెదుకులాటలోనూ ఒక తప్పు సందేశాన్ని పట్టికలో నిలబెడుతుంది. క్యూబిట్‌టారెంటుతో పాటే దీనిని కూడా పంపడం కొత్తవారిని కంగారు పెట్టడానికి తప్ప ఎందుకు పనికివచ్చిందో ఊహించడం కష్టం. దానికి ఎదుట ఉన్న గుర్తు తీసివేస్తే బాధ వదులుతుంది.

ఇంతవరకు చెప్పినవి విసుగు పుట్టించే లోపాలు మాత్రమే. అసలు భయపడవలసినది వేరొకటి ఉన్నది. ప్లగిన్ ఒక ప్రోగ్రాము గనుక, వాడుకరి తన కంప్యూటరులో చేయగలిగిన పనులన్నీ అదీ చేయగలదు. పరీక్ష మార్కుల దస్త్రాన్ని చదవగలదు, చెరిపివేయగలదు కూడా. ముక్కలకు ఉన్న వేలిముద్ర పరీక్ష దీనికి లేదు. ఎవరో రాసి ఎక్కడో ఉంచిన ప్లగిన్‌ను తెచ్చి పెట్టుకోవడం ముఖం తెలియని మనిషికి ఇంటి తాళం అప్పగించడమే. ప్రోగ్రాము ఇక్కడ చేసే హెచ్చరిక మీ దేశపు కాపీరైటు చట్టాన్ని పాటించమన్నంత మటుకే. అపాయం ఉన్నచోట ఆ మాట చాలదు.

2024 అక్టోబరులో బయటపడిన విషయం ఈ అజాగ్రత్త ఎంత పాతదో చూపింది. ఒక వెబ్‌సైటు నిజంగా తాను చెప్పుకునేదేనని రుజువు చేసే ధ్రువపత్రం తప్పుగా ఉన్నా క్యూబిట్‌టారెంట్ 2010 నుంచీ పట్టించుకోకుండా ముందుకు పోయేది. ప్లగిన్లు నడవడానికి కావలసిన పైథాన్‌ను విండోసు కంప్యూటర్లకు దింపి ఇచ్చే భాగం కూడా ఈ దారినే నడిచేది. నడుమ దారిలో కాచుకున్నవాడు పైథాన్‌కు బదులు తన ప్రోగ్రామును అందించగలిగేవాడు. 5.0.1 ప్రతిలో దీనిని సరిచేశారు. దస్త్రం ముక్కముక్కకూ ముద్ర చూసే ప్రోగ్రాము, తన పనిముట్లను తెచ్చుకునేటప్పుడు పదునాలుగేండ్లు ముద్ర చూడకపోవడం చిన్న పొరపాటు కాదు. పాఠశాల కంప్యూటరులో ఇంతకంటె పాత ప్రతి ఉంటే దానిని వెంటనే మార్చాలి.

మరొక అపోహ కూడా తొలగాలి. ముక్కలన్నీ సరిపోయాయి అంటే టారెంట్ తయారుచేసినవాడు ఇచ్చినది యథాతథంగా వచ్చిందని మాత్రమే అర్థం. వాడు ఇచ్చినది పేరులో చెప్పిన పుస్తకమేనని ఏ హ్యాష్ సంఖ్యా చెప్పదు. విషాన్ని కూడా ఈ పద్ధతి అంతే విశ్వాసంతో చేరవేస్తుంది. విండోసు మామూలుగా దస్త్రాల పేర్ల చివరి అక్షరాలను దాచి చూపిస్తుంది. పి.డి.ఎఫ్. అని కనబడే పేరు వెనుక ఇ.ఎక్స్.ఇ. ఉండవచ్చు. ఆ దాపరికాన్ని ముందుగా తీసివేసుకోవడం మంచిది. ఫలితాల పట్టికలో కనబడే సీడర్ల, అనగా పూర్తి ప్రతి కలిగినవారి, సంఖ్య కూడా ఆ వెబ్‌సైటు చెప్పిన లెక్కే.

దింపుకోలు ‘స్టాల్డ్’ అని ఆగిపోతే తరచుగా కారణం పూర్తి ప్రతి ఉన్నవారు ఎవరూ లేకపోవడమే. అందరి దగ్గరా లేని ముక్కను ఏ మరమ్మతూ తేలేదు. ఇంకొక కారణం ఇంటర్నెట్ సంస్థలు అనేక ఇళ్ళను ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచడం. అటువంటి ఇంటి నుంచి బయటికి పోవచ్చు గాని, బయటివారు నేరుగా లోపలికి రాలేరు. రౌటరులో పోర్టు తెరిచినా ఫలం ఉండదు. అయినా తలుపు తెరిచి ఉన్న ఇతరుల దగ్గరికి క్లయింటే పోయి ముక్కలు తెచ్చుకోగలదు, కొంచెం నెమ్మదిగా.

ఏది దింపుకోవచ్చు అన్న ప్రశ్న ఈ ప్రాంతపు గ్రంథాలతోనే తేలుతుంది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మీద హక్కుల గడువు, రచయిత మరణానంతరం అరవై ఏండ్లన్న లెక్కన, 2013తో ముగిసింది. దానిని ఎవరైనా పంచవచ్చు. సిరిసిల్ల జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి 2017లో మరణించారు. ‘విశ్వంభర’ మీద హక్కులు 2077 చివరిదాకా నిలుస్తాయి. సెర్చ్ ప్లగిన్‌కు ఈ రెండింటి తేడా తెలియదు. పైగా టారెంట్‌లో దింపుకొనేవాడు అదే క్షణాన పంచేవాడు కూడా అవుతాడు గనుక, చదువుకోవడానికే తెచ్చుకున్నానన్న వాదానికి బలం తక్కువ.

కాబట్టి ఈ ప్రోగ్రాములో వెదికే భాగాన్ని మూసి ఉంచి, చేరవేసే భాగాన్ని వాడుకోవడం ఉపాధ్యాయునికి ఉత్తమం. టారెంట్ దస్త్రాన్ని దాని సొంత ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు. డెబియన్, ఉబుంటు వంటి లినక్సు పంపిణీలు తమ పుటలలోనే టారెంట్లు ఇస్తున్నాయి. వేలకొలది పాత తెలుగు పుస్తకాలున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి ఇస్తున్నది. అక్కడ సీడర్ ఒక్కడూ లేకున్నా ఆర్కైవ్ యంత్రాలే ముక్కలు అందిస్తాయి. 2024 అక్టోబరులో దాడికి గురై ఆర్కైవ్ కొన్ని రోజులు మూతబడింది. అటువంటి రోజులలో ఒక పుస్తకం పూర్తి ప్రతి కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఒక బడి కంప్యూటరులో తెరిచి ఉంటే, దాని టారెంట్ దస్త్రం చేతిలో ఉన్న జగిత్యాల విద్యార్థికి ఆ పుస్తకం అక్కడి నుంచే అందగలదు.